అద్దంలో లేని కన్ను

మా వీధిలో నన్ను సూది అంటారు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఊడిన జేబులు కుట్టడం నా పని కాబట్టి అలా పిలుస్తామని నా ముందు చెబుతారు. నా నోటిని చూసి పెట్టిన పేరని నాకు తెలుసు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఇది నా కథ కాదు, మా తమ్ముడి కథ. అయితే చెప్పేది నేను కాబట్టి కోపంగానే చెబుతాను. చల్లగా చెప్పడానికి ఇందులో ఏమీ లేదు.

నా కొట్టుకీ పక్కనున్న సెలూన్‌కీ మధ్య ఒక చెక్క గోడ. ఆ గోడ అవతల మూడు కుర్చీలు, మూడు అద్దాలు. మధ్య కుర్చీ మా తమ్ముడిది. పదిహేడో ఏట ఊడ్చే పనికి చేరి, నీళ్ళ సీసాలు నింపి, టవళ్ళు ఉతికి, చివరికి కత్తి పట్టుకునేదాకా వచ్చాడు. వాడి చెయ్యి తేలిక. ఖాళీ కుర్చీలు రెండున్నా వాడి కోసం బెంచీ మీద కూర్చుని పేపరు తిరగేసేవాళ్ళు ఉండేవారు. మాట మాత్రం తక్కువ. "మీ ఇద్దరికీ పంచాల్సిన నోరు మొత్తం దీనికే పోసేశాను" అంటుంది మా అమ్మ.

వాడికో నొప్పి ఉంది. ఏడాదిలో కొన్ని వారాలే వస్తుంది కానీ ఆ వారాల్లో వదలకుండా రోజూ వస్తుంది. వచ్చిందంటే గంటకు పైగా ఉంటుంది. కుడి కన్ను వెనకాల మొదలవుతుంది. ఆ కన్ను ఎర్రబడుతుంది, ఆ ఒక్క కంట్లోంచే నీళ్ళు కారతాయి, ఆ పక్క ముక్కే కారుతుంది, రెప్ప సగం వాలిపోతుంది. మామూలు తలనొప్పి వచ్చినవాళ్ళు దుప్పటి కప్పుకుని పడుకుంటారు. వీడు పడుకోలేడు, కూర్చోలేడు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతాడు, గోడకి తల బాదుకుంటాడు. "అక్కా, ఈ కన్ను పీకెయ్యవే" అని ఒకసారి నన్ను అడిగాడు. మాటవరసకి అనలేదు. నా చేతిలో కత్తెర ఉంది, దాన్ని చూస్తూ అడిగాడు.

దీనికి మా చుట్టుపక్కల వాళ్ళు ఇచ్చిన సలహాలు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కళ్ళద్దాలు పెట్టించమన్నారు. నూనె రాయమన్నారు. ఫోను చూడటం తగ్గించమన్నారు. పెళ్ళి చేస్తే అదే పోతుందన్నారు. "తలనొప్పి ఎవరికి రాదమ్మా" అని తేల్చేసిన వాళ్ళకి లెక్కేలేదు. ఆ మాట అన్నవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి నోళ్ళు కుట్టెయ్యాలనిపించేది. దారం నా దగ్గర చాలానే ఉంది.

ఒక మధ్యాహ్నం బ్యాంకాయనకి గడ్డం గీస్తుండగా వాడికి కంటి వెనక మొదలైంది. మొదలవగానే వాడికి తెలుస్తుంది. వెంటనే కత్తి మడిచి పక్కన పెట్టాడు, "ఒక్క నిమిషం సార్" అన్నాడు, వెనక్కి జరిగాడు. ఏనాడూ ఆ నొప్పితో వాడు మనిషి మీద కత్తి పెట్టలేదు. కానీ బ్యాంకాయన అద్దంలో చూసింది వేరు. ఎర్రటి కన్ను, కారే ముక్కు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషి. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో లేచి నిలబడి కేకలు మొదలుపెట్టాడు.

"తాగొచ్చి నా గొంతు మీద కత్తి పెడతావా? ఏమయ్యా ఓనరూ, ఇలాంటివాళ్ళనా నువ్వు పెట్టుకునేది?"

ఓనరు వాడి నోరు వాసన చూడలేదు. వచ్చి మా తమ్ముడి భుజం మీదున్న టవల్ లాగేశాడు. నేను కొట్టు వదిలి పరిగెత్తుకెళ్ళి, "వీడు జన్మలో తాగలేదు, వీడికి నొప్పి" అని అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "తలనొప్పికి ఎవరైనా ఇలా చిందులేస్తారా సూదమ్మా? మాకూ వస్తాయి తలనొప్పులు" అన్నాడు ఓనరు. ఆ సాయంత్రానికి మా వీధిలోని మిగతా సెలూన్లన్నిటికీ కబురు పాకింది. తాగుబోతు చేతికి కత్తి ఎవరిస్తారు?

అప్పట్నుంచి వాడు నా కొట్లో కూర్చుని గుండీలు కుట్టేవాడు. గోడ అవతల కత్తెర చప్పుడు వినిపించినప్పుడల్లా వాడి వేళ్ళు ఆగిపోయేవి. వాడికి మేడలక్కర్లేదు, మిద్దెలక్కర్లేదు. ఆ కుర్చీ కావాలి. అంతే.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ ఒక లేడీ డాక్టరు వాడు చెప్పింది మొదట్నుంచి చివరిదాకా వింది. క్లస్టర్ తలనొప్పి అంది. నొప్పి మొదలైన వెంటనే మాస్కు పెట్టి ఆక్సిజన్ గట్టిగా పీలిస్తే చాలామందికి పావుగంటలో, ఇరవై నిమిషాల్లో తగ్గుతుందని చెప్పి సిలిండరు రాసిచ్చింది. ఇన్నేళ్ళూ గోడలకి తల బాదుకున్న నొప్పికి మందు గాలి అని తెలిసినప్పుడు నేను సంతోషించాలి. నాకు ఒళ్ళు మండింది. ఈ ముక్క అంతకుముందు చూసిన డాక్టర్లలో ఒక్కరికీ ఎందుకు తట్టలేదు?

ఆ ఆసుపత్రిలోనే నర్సింగు చదివే ఒక పిల్ల పరిచయమైంది. దానికి పార్శ్వపు నొప్పి. వెలుతురు చూస్తే వాంతి, చప్పుడు వింటే వాంతి. పరీక్షలో కళ్ళముందు అక్షరాలు మాయమైపోతే "చదవక నాటకాలు" అన్నారట. అలాంటి కుర్రాళ్ళనీ అమ్మాయిల్నీ ఓ డజనుమందిని పోగేసి, ఎవరి తలనొప్పి ఎలా ఉంటుందో బొమ్మలు వేయించి, ఆసుపత్రి వరండాలో అంటించింది. జనం ఆ బొమ్మల కింద చెప్పులు విడిచి, వాటికి వీపు ఆనించి కూర్చునేవారు. ఒక్కడూ తలెత్తి చూడలేదు.

"ఎలా వేస్తే చూస్తారు?" అని ఆ పిల్ల మమ్మల్ని కూడా పిలిచి అందరినీ అడిగింది. మా తమ్ముడు అందరికంటే వెనకాల ఉన్నాడు. అక్కణ్ణుంచే నోరు తెరిచాడు.

"పోస్టరు ముందు ఎవరూ ఆగరు. అద్దం ముందు ఆగనివాళ్ళు లేరు. సెలూన్ అద్దాల మీద వేద్దాం. కుర్చీలో కూర్చుంటే ఎవరి మొహం మీద వాళ్ళకి కనపడాలి నొప్పి."

మా తమ్ముడు ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదలు. బొమ్మలబ్బాయి అని ఒకడున్నాడు, రంగుల డబ్బాలు సంచిలో వేసుకు తిరిగేవాడు. వాడు లేచి మా తమ్ముణ్ణి వాటేసుకున్నాడు.

సెలూన్ కావాలంటే ఓనరు ఒప్పుకోవాలి కదా. నర్సు పిల్ల వెళ్ళి అడిగింది. ఆసుపత్రి పెద్దలు వస్తారని, పేపర్లో ఫోటో పడుతుందని చెప్పింది. పేరొస్తుందనేసరికి ఆయన మొహం చాటంత అయింది. వారపు సెలవు రోజున ఇస్తానన్నాడు. "ఆ తాగుబోతు కూడా వస్తాడా?" అన్నాడట. వస్తాడంది ఆ పిల్ల. "సరే, కత్తులు మాత్రం లోపల పెట్టేస్తా" అన్నాడట. ఈ రెండో ముక్క ఆ పిల్ల నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. ముందే చెప్పుంటే ఆ ప్రదర్శన జరిగేది కాదు.

మొదటి అద్దం మీద నర్సు పిల్ల రంపపు పళ్ళలా మెరిసే గీత ఒకటి వంకరగా వేసింది. కూర్చున్నవాళ్ళకి తమ మొహంలో సగం ఆ మెరుపు వెనక మాయమవుతుంది. రెండోదాని మీద బొమ్మలబ్బాయి నుదురు చుట్టూ బిగిస్తున్న ఇనుప పట్టీ వేశాడు. అది వాడి సొంత నొప్పి. మూడోది పాతబడి మచ్చలు తేలిన అద్దం, పారేద్దామనుకున్నది. దాన్ని మా తమ్ముడు తీసుకున్నాడు. వాడికి బొమ్మలు రావు, బ్లేడు వచ్చు. అద్దాన్ని తిప్పి బోర్లా పడుకోబెట్టి, కుడి కన్ను కనిపించే చోట వెనకున్న పూతని పాత బ్లేడుతో గీకడం మొదలుపెట్టాడు. గడ్డం గీసేటంత ఓపిగ్గా గీకాడు. పూత పోయిన చోట ఎర్ర కాగితం అంటించి, అద్దం మళ్ళీ గోడకి తగిలించాడు.

నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. వాడు కింద పెడలు తొక్కుతూ కుర్చీని పైకి లేపాడు. నా మొహం అద్దంలో మెల్లగా పైకి వచ్చింది. ఒక చోట ఆపాడు. అద్దంలో నేనున్నాను, నా కుడి కన్ను లేదు. ఆ చోట ఎర్రటి గొయ్యి ఉంది. నేను మాట్లాడలేకపోయాను. మా వీధిలో అదొక వింతగా చెప్పుకున్నారు.

ఒక్కొక్కరి ఎత్తు ఒక్కోలా ఉంటుంది కదా. మొహం సరిగ్గా బొమ్మలో కుదరాలంటే ఎవరో ఒకరు వెనక నిలబడి పెడలు తొక్కాలి. అది తెలిసినవాడు మా తమ్ముడే. కాబట్టి ఆ రోజు వాడు మళ్ళీ కుర్చీ వెనక నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజం మీద టవల్ వేసుకుని. అవి నొప్పి వచ్చే వారాలే. అందుకని సిలిండరు, మాస్కు తెచ్చి మూల పెట్టాం.

జనం బాగానే వచ్చారు. ఆసుపత్రి పెద్దలు, పేపరాయన, వీధిలోవాళ్ళు. బ్యాంకాయన కూడా వచ్చాడు, ఫోటోలుంటాయని. అందరూ కూర్చోవడం, అద్దంలో చూసి ఉలిక్కిపడటం, నవ్వడం, ఫోను తీసి ఫోటో తీసుకోవడం. ఓనరు పెళ్ళిపెద్దలా తిరుగుతున్నాడు. ఆ హడావిడిలో మూలనున్న సిలిండరు ఎప్పుడు మాయమైందో మేం చూసుకోలేదు.

బ్యాంకాయన మూడో కుర్చీలో కూర్చున్నాడు. మా తమ్ముడు పెడలు రెండుసార్లు తొక్కి ఆగిపోయాడు. నాకు వాడి వీపు చూస్తేనే తెలిసిపోయింది. ఇటు తిరిగేసరికి కన్ను ఎర్రబడి ఉంది. "అక్కా" అన్నాడు. మూల వైపు చూశాడు, అక్కడ ఏమీ లేదు. ఇక తిరగడం మొదలుపెట్టాడు. తలుపు చెక్కకి నుదురు కొట్టుకున్నాడు. కన్ను అరచేత్తో అదుముకుని మోకాళ్ళ మీద కూలబడి ముందుకీ వెనక్కీ ఊగాడు. గొంతులోంచి మనిషిది కాని చప్పుడొకటి వచ్చింది.

సెలూనంతా వాడి వైపు తిరిగింది. ఆ తర్వాత ఎవరో "అబ్బ, ఏం చేస్తున్నాడండీ!" అన్నారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు.

అందరూ కొట్టారు.

నేను ఇది కల్పించి చెప్పడం లేదు. నా తమ్ముడు నేల మీద పడి తల బాదుకుంటుంటే చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు, పిల్లల్ని కన్నవాళ్ళు గుండ్రంగా నిలబడి చప్పట్లు కొట్టారు. వెనకున్నవాళ్ళు ఫోన్లు పైకెత్తారు. ప్రదర్శనలో ఇదొక అంశం అనుకున్నారు.

"సిలిండరేది?" అని నర్సు పిల్ల కేక వేసింది.

"పైన మా ఇంట్లో పెట్టించి తాళం వేశానమ్మా" అన్నాడు ఓనరు. "గ్యాసు బండ అనుకుని పెద్దవాళ్ళు భయపడతారని."

"తాళంచెవి ఇవ్వండి" అన్నాను.

ఓనరు పేపరాయన వైపు చూసి నవ్వాడు. "భలే ఉందే! సూదమ్మకి కూడా వేషం ఇచ్చారన్నమాట. చూశారాండీ, మా సెలూన్‌లో ఇంత నటుడున్నాడని నాకే తెలీదు. ఆ రోజు బ్యాంకు సారు ముందు కూడా ఇలాగే చేశాడు. అప్పుడే అనుకున్నా, తాగుడైనా అయ్యుండాలి, నటనైనా అయ్యుండాలని."

"తాళంచెవి ఇవ్వు!" మీరు అనడం కూడా మరిచిపోయాను.

"ఇవ్వనంటే తర్వాతేం చెయ్యాలి నువ్వు? ఏడవాలా?"

తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంది. ఆ జేబు కుట్టింది నేనే. ఏ మూల పట్టి లాగితే ఊడుతుందో నాకు తెలుసు. జేబుతో సహా లాగేసి నర్సు పిల్ల చేతికిచ్చాను. దానికీ చప్పట్లు కొట్టారు.

ఆ పిల్లా బొమ్మలబ్బాయీ మెట్లెక్కి పరిగెత్తారు. నేను తమ్ముడి పక్కన కూర్చుని వాడి నుదురుకీ నేలకీ మధ్య నా చెయ్యి పెట్టాను. వాడు నా చెయ్యిని నేలకేసి కొట్టాడు, మళ్ళీ మళ్ళీ కొట్టాడు. వేళ్ళు వాచిపోయాయి. చప్పట్లు తగ్గాయి. నాటకమైతే ఎక్కడో ఒకచోట ఆపాలి కదా, ఇది ఆగటం లేదు. వాడి ముక్కు నేల మీద కారుతోంది. ఒక ఫోను కిందకి దిగింది, ఇంకో ఫోను దిగింది. వెనకనుంచి ఒకావిడ "ఇది నిజమేమోనండీ" అని గొణిగింది.

"నిజమేమో కాదు, నిజం!" అని తిరిగి అరిచాను. "కొట్టండి, ఇప్పుడు కొట్టండి చప్పట్లు! చేతులు నొప్పెట్టాయా?"

సిలిండరు వచ్చింది. మాస్కు పెట్టారు. వాడు ముందుకి వంగి కూర్చుని గాలిని తోడినట్టు పీల్చాడు. అంతమందీ కదలకుండా నిలబడి ఆ బుసబుస చప్పుడే విన్నారు. చాలాసేపటికి వాడి భుజాలు కిందికి దిగాయి. మాస్కు తీసి, టవల్‌తో మొహం తుడుచుకుని, ముందుగా నా వాచిన వేళ్ళ వైపు చూశాడు.

బ్యాంకాయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు, దిగాలో కూర్చోవాలో తెలియక. "ఆ రోజు... నేను పొరబడ్డానేమో బాబూ" అన్నాడు. ఏమో అట! వీడి కుర్చీ పోయినప్పుడు ఏమో అనలేదు, తాగాడన్నాడు ఖాయంగా. తిట్టినప్పుడు ఊరంతా వినేలా, తప్పు ఒప్పుకునేటప్పుడు చెవిలో చెప్పినట్టు.

అందరూ వెళ్ళాక ఓనరు మా దగ్గరికొచ్చాడు. ఊడిన జేబు వేలాడుతోంది. "సరేలేవోయ్, జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి పనిలోకి రా" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "కత్తెర పని వరకూ చెయ్యి. కత్తి మాత్రం వద్దు. గడ్డాలు వేరేవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు.

పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. నేను నోరు తెరిచాను. ఆ రోజు నా నోట్లోంచి రావాల్సినవి చాలా ఉన్నాయి. కానీ మా తమ్ముడు "సరే అన్నా, వస్తాను" అనేశాడు.

ఇంటికెళ్ళే దారంతా వాణ్ణి కడిగేశాను. సిగ్గు లేదా అన్నాను. నీ చేతిని నమ్మనివాడి దగ్గర నీకేం పనన్నాను. కాళ్ళ మీద పడి బతిమాలాల్సింది ఆయనన్నాను. వాడు అన్నీ విన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నీకు న్యాయం కావాలక్కా. నాకు కుర్చీ కావాలి" అన్నాడు. నాకు వాడి మీదే కోపం వచ్చింది. ఆ కోపం కొన్నాళ్ళు అలాగే ఉంది కూడా. ఓనరు ఆ చొక్కా జేబు కుట్టమని నా దగ్గరికే పంపితే, దాన్ని అలాగే తిప్పి పంపాను.

వాడు కత్తెర పనికి వెళ్ళాడు. నర్సు పిల్ల వేసిన గీతా, ఇనుప పట్టీ కడిగేశారు. గీకిన అద్దం కడిగితే పోయేది కాదు, కొత్తది కొనడానికి ఓనరుకి చెయ్యి రాలేదు. అందుకని ఆ అద్దం ముందున్న మూడో కుర్చీని మా తమ్ముడికి ఇచ్చాడు. క్రాపు వీడు చేస్తే, గడ్డానికి మనిషిని లేపి పక్క కుర్చీకి పంపేవారు. వచ్చినవాళ్ళలో కొందరు, "ఆ రోజు బాగా చేశావటగా, మళ్ళీ ఎప్పుడు?" అని అడిగేవారు. వీడియో మాత్రమే చూసినవాళ్ళు వాళ్ళు. చెక్క గోడ ఇవతల నేను మిషను ఆపి పళ్ళు నూరేదాన్ని. వాడు దువ్వెన తుడుచుకుని క్రాపు మొదలుపెట్టేవాడు.

ఒకనాడు ఒక లారీ డ్రైవరు వచ్చాడు. కొత్తవాడు, సరుకు దింపడానికి వచ్చి క్రాపుకని ఆగాడు. కుర్చీలో కూర్చున్నాడు. వీడు పెడలు తొక్కాడు. గోడ అవతల ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. నేను తొంగిచూశాను. ఆ మనిషి అద్దంలోకి చూస్తూ బిగుసుకుపోయి ఉన్నాడు.

"ఇది ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే అన్నా."

"నీకెలా తెలుసు?"

మా తమ్ముడి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నాకొస్తుంది" అన్నాడు.

డ్రైవరు కుర్చీ తిప్పుకుని వాడి వైపు చూసి నోరు తెరిచాడు. కుడి పక్క పైన మూడు పళ్ళు లేవు. "పంటి నొప్పన్నారు. ఒకటి పీకారు. తగ్గలేదు, ఇంకోటి పీకారు. మూడోదాన్ని నేనే పీకమన్నాను" అన్నాడు. "దీనికో పేరుందా తమ్ముడూ?"

వాడు పేరు చెప్పాడు. ఆక్సిజన్ సంగతి చెప్పాడు, ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మ ఏ గదిలో ఉంటుందో చెప్పాడు. డ్రైవరు ఆ పేరు మెల్లగా నోటికి పట్టేదాకా అనుకున్నాడు. ఆ తర్వాత, "గడ్డం కూడా చేసెయ్" అన్నాడు.

"గడ్డానికి ఈ కుర్చీలోకి రండన్నా" అని ఓనరు గబగబా వచ్చాడు. "అతనికి ఆ నొప్పి ఉంది కదా, కత్తి చేతిలో ఉండగా వస్తే..."

"నాకూ ఉంది ఆ నొప్పి. లారీ తోలుతున్నాను" అన్నాడు డ్రైవరు. "మొదలవగానే పక్కకి తీసి ఆపుతాను. ఇన్నాళ్ళూ నా ఎదురుగా రోడ్డు మీద వచ్చింది మీలాంటివాళ్ళే కదా. అప్పుడు భయం వెయ్యలేదా?"

డ్రైవరు తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. మా తమ్ముడు ఓనరు వైపు చూశాడు. ఓనరు వీధి వైపు చూశాడు. వాడు సొరుగు లాగి కత్తి తీసి, కొత్త బ్లేడు వేసి, ఆ గొంతు మీద నురగ రాయడం మొదలుపెట్టాడు.

అందరూ నన్నడిగారు, అప్పటికైనా నీ కోపం చల్లారిందా అని. చల్లారలేదు. ఒక్క పేరు చెప్పేవాడు లేక ఒక మనిషి మూడు గట్టి పళ్ళు పీకించుకున్నాడు. ఆ పళ్ళు ఎవరు తిరిగిస్తారని ఎవరినో ఒకరిని చొక్కా పట్టుకుని అడగాలని ఉంది. ఎవరిని అడగాలో తెలియక, వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను.